పండగ ఖర్చు పాఠాలు – 3: సంక్రాంతి పిండివంటల చిట్టా

గత పాఠంలో పండగకి వచ్చేవాళ్ళ పట్టీ, ఎవరు ఏ రోజు వస్తారో, ఎప్పుడు వెళ్తారో తేదీల పట్టీ రాసుకున్నాం. ఆ రెండూ పక్కన పెట్టుకోండి. ఇవాళ సరుకుల చిట్టా వాటి నుంచే తీస్తాం.

చాలా ఇళ్ళల్లో ముందుగా "సరుకులకి ఐదువేలు" అని ఒక అంకె అనేసుకుంటారు. ఆ అంకె భోగి దాకా నిలబడదు. ఐదువేలకి ఎన్ని అరిసెలు వస్తాయో ఇంట్లో ఎవరికీ తెలీదు కాబట్టి, కొట్లో నిలబడ్డప్పుడు ఎక్కడ ఆగాలో కూడా తెలీదు. అందుకే ముందు తినేవాళ్ళ లెక్క, తర్వాత కిలోల లెక్క, ఆఖర్న రూపాయలు. ఈ వరస మార్చకండి.

అరిసెలతో మొదలుపెడదాం. ఇంట్లో నలుగురు, వచ్చేవాళ్ళు ఐదుగురు అనుకోండి. మనిషికి రోజుకి రెండు చొప్పున మూడు రోజులకి 54. ఇరుగుపొరుగు ఆరిళ్ళకి నాలుగేసి పంచితే 24. తిరిగి వెళ్ళేవాళ్ళకి కట్టి ఇచ్చేవి 20. మొత్తం 98. మధ్యరకం మందంతో వత్తితే కిలో బియ్యానికి 45 నుంచి 50 వస్తాయి. అంటే రెండు కిలోలు సరిపోతాయి. అలవాటు కొద్దీ ఐదు కిలోలు నానబెట్టే ఇంట్లో 200 పైన అరిసెలు తేలతాయి. వాటిలో సగం నెలాఖరుకి మక్కు వాసన వేస్తుంటాయి. బియ్యం, బెల్లం, నూనె, గ్యాసు, రెండు రోజుల ఒళ్ళు నొప్పులు అన్నీ వాటితోపాటే పోతాయి.

రెండు కిలోల బియ్యానికి బెల్లం కిలోన్నర. నువ్వులు 100 గ్రాములు చాలు, గసగసాలు మానేసినా రుచికి లోటుండదు. బియ్యం మాత్రం పావుకిలో ఎక్కువ నానబెట్టండి. పాకం కాస్త లేతగా దిగితే ఆ పిండి ఆదుకుంటుంది, మిగిలితే మర్నాడు దోసెల్లో కలుస్తుంది.

డబ్బు దండగయ్యేది ఎక్కువగా పాకం దగ్గరే. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే, వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కావాలి. ఉండ కట్టకుండా జారిపోతే లేత పాకం, అరిసె నూనెలో విడిపోతుంది. పళ్ళేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయింది, అరిసె గట్టిపడుతుంది. అందుకని రెండు కిలోలకీ ఒకేసారి పాకం పట్టకండి. కిలో చొప్పున రెండుసార్లు పట్టండి. తప్పు జరిగినా ఒక్క కిలోతో పోతుంది. పిండి కూడా తడి ఆరకముందే, మర పట్టించిన రోజే వాడాలి. ఆరిన పిండి పాకాన్ని సరిగా పట్టుకోదు. భోగి ముందురోజు మర దగ్గర వరసలో నిలబడి సాయంత్రానికి పిండి తెచ్చుకునే కన్నా, ఐదు రోజుల ముందు పొద్దున్నే పట్టించడం మేలు. సకినాలు చేసే తెలంగాణ ఇళ్ళల్లోనూ ఇదే తడిపిండి కనుక, రెండింటి బియ్యం ఒకేసారి నానబెట్టి, ఒకేసారి మరకి పంపి, ఆ రోజే రెండూ చేసేయండి.

నూనెకి ఒక కిటుకు ఉంది. జంతికలు, సకినాలు ముందు వేయించి, అరిసెలు చివర్న వేయండి. బెల్లం తగిలిన నూనె నల్లబడి ఇంక దేనికీ పనికిరాదు. వరస తిరగేస్తే ఒక లీటరు అదనంగా కొనాల్సి వస్తుంది. అరిసెని రెండు చెక్కల మధ్య గట్టిగా నొక్కి, కారిన నూనెని మళ్ళీ బాణలిలోకే వంచండి. నొక్కకపోతే ఆ నూనంతా అరిసెలతోపాటు డబ్బాలోకి పోతుంది.

నూనె ప్యాకెట్ కొనేటప్పుడు ధర కంటే ముందు తూకం చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే ఎత్తు, అదే రంగులో 800, 850 గ్రాముల ప్యాకెట్లూ పక్కనే ఉంటాయి. పది రూపాయలు తక్కువని తీసుకుంటే నిజానికి ఎక్కువిచ్చినట్టు కావచ్చు. ప్యాకెట్ మీద గ్రాముకో, కిలోకో ఇంత అని ముద్రించిన ధర ఉంటుంది. పోల్చాల్సింది దాన్నే.

కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారెల లెక్క తేలిక. కిలో మినప్పప్పుకి మామూలు సైజువి 70 దాకా వస్తాయి. తొమ్మిది మందికి అరకిలో చాలు. మాంసం ఎముకతో కలిపి కిలో ఆరుగురికి. కిలోన్నర రాసుకోండి.

ఇక గ్యాసు. సిలిండర్ తూచి, దాని మీద రాసిన ఖాళీ బరువు తీసేస్తే లోపల ఎంతుందో తెలుస్తుంది. నిండుదైతే 14.2 కిలోలు ఉంటుంది. మూడు కిలోలకి తగ్గితే పండగ వారం కోసం ఆగకుండా ఇప్పుడే బుక్ చేయండి.

ఇప్పుడు రూపాయల గడి. కొలతల పక్కన మీ వీధి కొట్టులో ఈ వారం ధర రాసి కూడండి. వచ్చిన మొత్తానికి పదో వంతు విడిగా తీసి ఒక కవర్లో పెట్టండి. చెప్పకుండా వచ్చే చుట్టం కోసం ఆ కవరు. బట్టల దుకాణంలో దాన్ని ముట్టుకోవద్దు.

అభ్యాసం: మీ పట్టీలోని మనుషులతో అరిసెల లెక్క కట్టండి. పోయినేడాది ఎన్ని కిలోలు నానబెట్టారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి పక్కన రాయండి. తేడా కిలో దాటితే, పంచే ఇళ్ళ సంఖ్య మరోసారి సరిచూడండి, మరిచిపోయిన వాళ్ళు ఉండొచ్చు. ఆ కాగితం దాచి ఉంచండి. నాలుగో పాఠంలో బట్టల లెక్కకి, వాయిదాల మీద కొనే వస్తువుల వడ్డీ లెక్కకి అదే కావాలి.