బ్రహ్మోత్సవాల రద్దీలో బండి తీసే ముందు

అలిపిరి దారిలో జనం పెరుగుతారు, తనిఖీలూ పెరుగుతాయి.

– 18 ఏళ్లు నిండని పిల్లలకు తాళం ఇవ్వకండి. పట్టుబడితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పాల ప్యాకెట్టుకే కదా అని పంపేవాళ్లను చూస్తే నాకు గుండె దడ.

– లైసెన్సు సస్పెండైందా? గడువు ఎప్పుడు ముగుస్తుందో చూడండి. ఒక్క రోజు ముందు నడిపినా 3 నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

– హెల్మెట్ అద్దానికి తగిలిస్తే చాలదు. 1,000 జరిమానాతో పాటు 3 నెలల అనర్హత; ఆ లోపు నడిపితే పై కేసే.

– సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు. కానీ ఎదుటివారికి ప్రమాదమయ్యేలా తొక్కితే భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్ వర్తిస్తుంది.