బడ్జీ నోట మొదటి మాట రావాలంటే

ఫోన్‌లో మాటలు రికార్డు చేసి గంటలకొద్దీ వినిపించినా బడ్జీ (ఇళ్లలో పెంచే చిన్న విదేశీ చిలుక) కిచకిచలు మానదు. మాటను ఏదో ఒక పనితో ముడిపెడితే తొందరగా పట్టుకుంటుంది.

"దా చిట్టీ" లాంటి చిన్న పిలుపు ఒక్కటే ఎంచుకోండి. చ, ట, ప, క ఉన్న మాటలు తొందరగా పడతాయి. పొద్దున, సాయంత్రం 10 నిమిషాలు టీవీ ఆపేసి, దగ్గరగా కూర్చుని, ప్రతిసారీ అదే హుషారు గొంతుతో అనండి. అన్న వెంటనే కొర్ర కంకిలోంచి చిన్న తుంపు పెట్టండి. కదలకుండా వింటున్నప్పుడే చెప్పాలి, అరుస్తుంటే ఆపేయాలి. తనలో తను గొణుక్కోవడం మొదలైతే అది సాధన చేస్తున్నట్టే. మాట స్పష్టంగా వచ్చేదాకా, నెలలు పట్టినా సరే, రెండోది ఎక్కించొద్దు.

పంజరంలో అద్దం గానీ జోడీ పక్షి గానీ ఉంటే మాత్రం ఇది సాగడం కష్టం, దాని కబుర్లు ఎక్కువగా వాటితోనే. అద్దం తీసేయండి, జోడీని మాత్రం మాట కోసం విడదీయకండి, పాపం. ఆడవాటికి మాటలు రావడం అరుదు. పెద్దయ్యాక ముక్కు పైన, రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగం ముదురు నీలంగా ఉంటే సాధారణంగా మగది.

ఇదంతా బడ్జీలకే. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.