సముద్రతీర పట్టణం దగ్గర చుక్కలు చూడటానికి మంచి చోటు ఎలా వెతుక్కోవాలి?

సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి ఒక వరం ఉంది. కనీసం ఒక దిక్కున వీధిదీపాలు ఉండవు, ఎవరూ పెట్టలేరు కూడా. లోతట్టు ఊళ్ళవాళ్ళు చీకటి కోసం ఊరు దాటి ఎంతో దూరం పోవాలి, తీరంలో ఉన్నవాళ్ళకి సగం చీకటి ఒడ్డు నుంచే మొదలవుతుంది. ఆ ధైర్యంతో నేరుగా బీచ్‌కి వెళ్ళి తల పైకెత్తితే మాత్రం చాలాసార్లు నిరాశే మిగులుతుంది. షికారుకి వచ్చేవాళ్ళ కోసం పెట్టిన పెద్ద దీపాలు, తిరిగే బండ్ల హెడ్‌లైట్లు, అలల తుంపరతో మసకబారిన గాలి, అన్నీ అక్కడే ఉంటాయి. మనకి కావాల్సిన చోటు వేరు: ఊరు వీపు వెనక ఉండాలి, సముద్రం ముందుండాలి, అలలకి కాస్త ఎడంగా ఉండాలి. అలాంటిది ఒకటి దొరికితే ఏళ్ళ తరబడి పనికొస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు వెతకడానికి బద్ధకించకండి.

1. సముద్రం ఏ దిక్కున ఉందో దాన్నిబట్టి ఆశ పెట్టుకోండి

తూర్పున సముద్రం ఉంటే ఉదయించే చుక్కలు బాగా కనిపిస్తాయి, తెల్లవారుజామున వేగుచుక్క నీళ్ళలోంచి లేచి వస్తున్నట్టే ఉంటుంది. పడమరన ఉంటే అస్తమించేవి దొరుకుతాయి. ఉత్తరార్ధగోళంలో ఉండి దక్షిణాన సముద్రం ఉంటే మాత్రం అదృష్టమే. పాలపుంత నడిబొడ్డు ధనూరాశి వైపు ఉంటుంది, అది దక్షిణపు ఆకాశంలోనే సాగుతుంది. మనం ఉత్తరానికి జరిగేకొద్దీ అది ఇంకా కిందకి దిగుతుంది. అగస్త్య నక్షత్రం సంగతీ అంతే. 37 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి పైకి పోతే అది దాదాపు కనపడనే కనపడదు, దానికి కొద్దిగా కింద ఉన్నవాళ్ళకి దక్షిణాన అడ్డం లేని దిగంతం కావాలి.

అలాగని చుక్కలు నీటి గీత దాకా మెరుస్తాయని అనుకోకండి. నడినెత్తిన చూసేటప్పుడు మన చూపు ఎంత గాలి దాటుతుందో, 30 డిగ్రీల ఎత్తున దానికి రెట్టింపు గాలి దాటాలి. 10 డిగ్రీల దగ్గర అయిదు రెట్ల పైమాటే, దిగంతం దగ్గర సుమారు 38 రెట్లు. అంటే అట్టడుగున ఉండే ఆకాశం ఎంత మంచి చోటైనా మసకగానే ఉంటుంది. ఎత్తు కొలవడానికి పరికరాలేం అక్కర్లేదు. చెయ్యి బారుగా చాపి పిడికిలి పట్టండి, పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఒకటిన్నర పిడికిళ్ళు వదిలేసి, ఆ పైన ఎలా ఉందో చూసి చోటుని అంచనా కట్టండి.

2. మ్యాప్ చూడండి, కానీ పూర్తిగా నమ్మకండి

రాత్రి వెలుగుని రంగుల్లో చూపించే లైట్ పొల్యూషన్ మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో మీ తీరాన్ని పెద్దది చేసి, ఊరికి రెండు పక్కలా ఒడ్డు వెంట వేలితో జరుపుతూ పోండి. రంగు ఎక్కడ చల్లబడుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి. మూడు నాలుగు చోట్లు తేలతాయి.

ఎంత దూరం పోవాలన్నది అసలు ప్రశ్న. ఊరి వెలుగు దూరంతో పాటు చాలా త్వరగా పడిపోతుంది. 1970లలో ఖగోళ శాస్త్రజ్ఞుడు మెర్ల్ వాకర్ కొలతలతో తేల్చిన సూత్రం ప్రకారం, దూరం రెట్టింపయితే ఆకాశం మీద ఊరి వెలుగు సగానికి కాదు, దాదాపు అయిదున్నరో వంతుకి తగ్గుతుంది. కాబట్టి 10 కిలోమీటర్ల దగ్గర బాగాలేదని వెనక్కి తిరగకండి, 20 దగ్గర కథే వేరు.

మ్యాపులో ఒక లోపం ఉంది. వీటిలో చాలా వాటికి ఆధారం ఉపగ్రహం మీదున్న ఒక సెన్సర్, దానికి నీలి వెలుగు కనపడదు. కొత్త తెల్ల ఎల్‌ఈడీ దీపాల్లో ఆ నీలమే గణనీయంగా ఉంటుంది. పసుపు దీపాలు తీసి తెల్లవి పెట్టిన ఊరు మ్యాపులో చీకటిపడినట్టు కనిపించి, నేల మీద మాత్రం ముందుకంటే తెల్లగా వెలగొచ్చు. ఇంకో సంగతి, చేపల వేటకి వెళ్ళే పడవల దీపాలు రోజుకో చోట ఉంటాయి. మ్యాపు చూసి వాటి జాడ చెప్పడం కష్టం.

3. మబ్బు పట్టిన రాత్రి ఒకసారి తిరిగి రండి

చుక్కల పిచ్చి ఉన్నవాళ్ళు మబ్బు పడితే ఇంట్లో కూర్చుని విసుక్కుంటారు. నన్నడిగితే చోటు వెతకడానికి అంతకంటే మంచి రాత్రి లేదు. కింద దీపాలుంటే మబ్బు అడుగు తెల్లగానో నారింజ రంగులోనో వెలుగుతుంది. కింద చీకటిగా ఉంటే మబ్బు నల్లటి దుప్పటిలా ఉంటుంది. మ్యాపులో గుర్తు పెట్టుకున్న చోట నిలబడి గుండ్రంగా ఒక చుట్టు తిరిగితే చాలు, ఏ దిక్కున ఏ ఊరి వెలుగు ఎన్ని పిడికిళ్ళ ఎత్తుకి వస్తోందో తెలిసిపోతుంది. మనకి తెలియని రేవో ఫ్యాక్టరీయో ఉంటే అప్పుడే బయటపడుతుంది. వాన, పిడుగులు ఉన్న రాత్రి మాత్రం వద్దు.

4. పగలు వెళ్ళి నేల చూసుకోండి

రాత్రి మొదటిసారి వెళ్ళే చోటు మీరు పగలు చూసిన చోటే అయ్యుండాలి. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు, చూడకపోతే వెళ్ళకండి. రాళ్ళు ఎక్కడ జారుతాయి, గుట్ట అంచు ఎక్కడ తెగిపోతుంది, రాత్రిపూట అక్కడికి రానిస్తారా, ఫోన్ సిగ్నల్ అందుతుందా, ఇవన్నీ చీకట్లో తెలుసుకునేవి కావు. చుట్టుపక్కల స్తంభాలు లెక్కపెట్టండి. ఇప్పుడు వెలగకపోయినా రాత్రి వెలుగుతాయి. రోడ్డు మలుపు మీ వైపు తిరిగి ఉంటే వచ్చే ప్రతి బండీ మీ కళ్ళలో లైటు కొడుతుంది. దగ్గర్లో ఓడలకి దారి చూపే దీపస్తంభం (లైట్‌హౌస్) ఉంటే దాని వెలుగు ఎటు తిరుగుతుందో చూసుకోండి, చాలాసార్లు ఒక రాతి గుట్ట చాటుకి జరిగితే సరిపోతుంది.

అలల అంచున కాకుండా కొంచెం వెనక్కో పైకో ఉన్న చోటుని ఎంచుకోండి. అల విరిగినప్పుడు లేచే సన్నని ఉప్పు తుంపర నీటికి దగ్గరగా, కిందుగా ఎక్కువ ఉంటుంది. అది వెలుగుని చెదరగొడుతుంది, కళ్ళద్దాల మీదా లెన్సు మీదా పేరుకుంటుంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన గుట్ట ఉంటే దానికి సాటి లేదు, మూడు వైపులా చీకటి. అది లేకపోతే ఇసుక తిన్నె వెనక చదునుగా ఉన్న చోటైనా పరవాలేదు. ఊరి వైపు ఆ తిన్నెలాంటిదే ఇంకొకటి అడ్డుంటే మరీ మంచిది.

5. అమావాస్య, పోటు: రెండూ కలిపి చూడండి

తీరంలో ఉన్నవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇదే. చుక్కలకి అమావాస్య రాత్రులు మంచివని అందరికీ తెలుసు. కానీ సూర్యచంద్రులు ఒకే వరసలో నిలిచి సముద్రాన్ని లాగేది కూడా అప్పుడే. కాబట్టి నెల మొత్తంలో పెద్ద పోట్లు అమావాస్యకీ పౌర్ణమికీ వస్తాయి, చాలాచోట్ల ఒకటి రెండు రోజులు ఆలస్యంగా. అంటే మీరు బీచ్‌కి వెళ్ళాలనుకున్న చీకటి రాత్రే నీళ్ళు అన్నిటికంటే పైకి వస్తాయి. ఒకసారి నేను చాప పరిచి పడుకుని కృత్తికలు లెక్కపెడుతుంటే కాళ్ళు తడిశాయి. చెప్పులు ఇప్పటికీ దొరకలేదు.

పగలు వెళ్ళినప్పుడు ఇసుక మీద నాచు, పుల్లలు పేరుకున్న గీత కనిపిస్తుంది. పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. దానికి బాగా పైన కూర్చోండి, తిరిగొచ్చే దారి కూడా దానికి పైనే ఉండాలి. మీ తీరపు పోటు పట్టిక చూసి వేళ తెలుసుకోండి. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఒక తమాషా ఉంది: ఈ అమావాస్యకి పోటు ఏ గంటకి వచ్చిందో వచ్చే అమావాస్యకీ ఇంచుమించు అదే గంటకి వస్తుంది. ఒకసారి రాసిపెట్టుకుంటే పదే పదే వెతుక్కునే పని ఉండదు.

సరిగ్గా అమావాస్యే కావాలని లేదు. బహుళ అష్టమి నుంచి చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి గానీ రాడు, ఆపై రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాడు, కాబట్టి సాయంత్రాలన్నీ మీవే. అమావాస్య తర్వాత మూడు నాలుగు రోజుల దాకా నెలవంక తొందరగానే అస్తమిస్తుంది. సూర్యుడు మునిగిన వెంటనే చీకటి పడిపోదు, సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందకి దిగాలి. దానికి భూమధ్యరేఖ దగ్గర గంటా పావు పడుతుంది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ.

6. గాలి ఎలా ఉందో పగలే చెప్పేస్తుంది

మబ్బు లేదు కదా అని బయల్దేరకండి. మధ్యాహ్నం సముద్రం వైపు చూడండి. నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత కత్తితో గీసినట్టుంటే గాలి తేటగా ఉంది. గీత ఎక్కడో తెలియకుండా రెండూ కలిసిపోతే రాత్రి చుక్కలు కూడా అలాగే మాసిపోతాయి. వాన కడిగేసి వెళ్ళిన మర్నాడు తరచుగా బాగుంటుంది. పొద్దుపోయాక నేల సముద్రం కంటే త్వరగా చల్లబడుతుంది, అప్పుడు గాలి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాధారణంగా ఆ గాలిలో తేమా తుంపరా తక్కువ. అందుకే సాయంత్రం మసకగా ఉన్నా తెల్లవారుజాముకి తేటపడే రోజులుంటాయి.

7. చోటుని పరీక్షించండి

వెళ్ళగానే తీర్పు చెప్పేయకండి. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి, మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిస్తే ఆ కష్టమంతా పోయినట్టే. టార్చికి ఎర్ర కాగితం కట్టుకోండి. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే కాలం తెలుసుకుని, ఆ రోజుల్లో ఇసుక మీద ఏ దీపమూ వెలిగించకండి. పుట్టిన పిల్లలు వెలుగుని చూసి సముద్రం అనుకుని ఎదురు దిక్కున పాకుతాయి.

ఉత్తరార్ధగోళంలో మంచి కొలబద్ద లఘు సప్తర్షి మండలం. ధ్రువ నక్షత్రం తోక చివర ఉంటుంది. గిన్నెలాంటి భాగంలోని నాలుగు చుక్కలు కాంతిలో సుమారు రెండు, మూడు, నాలుగు, అయిదు తరగతులవి, అంకె పెరిగేకొద్దీ చుక్క మసకన్నమాట. ఊళ్ళో రెండే కనిపిస్తాయి. నాలుగూ తేలిగ్గా కనిపిస్తే ఆ చోటు వదలకండి. అది కనపడని దిక్కులో ఉంటే కృత్తికల్ని లెక్కపెట్టండి, ఆరు తేలిగ్గా వస్తే పరవాలేదు, అంతకంటే ఎక్కువ వస్తే సంతోషించండి. మసకగా ఉన్నదాన్ని సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే బాగా తెలుస్తుంది, ఎందుకంటే చీకట్లో పనిచేసే కణాలు కంటి నడిమధ్యలో ఉండవు.

ఇంకా పద్ధతిగా కావాలంటే జాన్ బోర్టల్ 2001లో ఇచ్చిన తొమ్మిది తరగతుల కొలత ఉంది. ఒకటి అత్యుత్తమం, తొమ్మిది నగరం నడిబొడ్డు. ఊరికి దగ్గర్లో నాలుగు దొరికితే చాలు, ఒకటి కోసం ఆరాటపడి పక్కనున్న నాలుగుని పోగొట్టుకోకండి.

బైనాక్యులర్స్ తీసుకెళ్తే ఇంటికి రాగానే లెన్సు మీద ఉప్పుని ముందు గాలితో ఊదేయండి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. తర్వాత ఒక నోట్‌బుక్‌లో తేదీ, పోటు వేళ, ఏ దిక్కున ఎన్ని పిడికిళ్ళ వెలుగు ఉందో, కృత్తికలు ఎన్ని కనిపించాయో రాసుకోండి. నా పుస్తకంలో అన్నిటికంటే మంచి గుట్ట పేరు పక్కన "పడవలు వేటకి రాని రాత్రులు మాత్రమే" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.