పాత ఇంగ్లీషులో ‘పార్క్’ కనిపిస్తే ఎలా చదవాలి, మ్యాపులో ఎలా పట్టుకోవాలి

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ గదిలో ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇరవై రెండేళ్లయింది. అందులో మొదటి తొమ్మిదేళ్లు, మధ్యయుగాల పాఠాల్లో ‘ఫారెస్ట్’ వచ్చినప్పుడల్లా అడవి అని, ‘పార్క్’ వచ్చినప్పుడల్లా ఉద్యానవనం అని చెప్పుకుంటూ పోయాను. ఒకరోజు తెనాలి నుంచి ట్రైన్‌లో వచ్చే అమ్మాయి లేచి, “మేడం, ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ ఫారెస్ట్ అని ఉంది, ఫోటోల్లో చూస్తే అంతా బోడి గుట్టలే. అడవి ఎలా అయింది?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి వెతకడం మొదలుపెట్టి, తర్వాత ఏళ్ల తరబడి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్‌ను చదివేవాళ్లకి, అనువాదం చేసేవాళ్లకి, జేఎల్, నెట్ పరీక్షలకు కూర్చునేవాళ్లకి పనికొస్తుంది.

ముందు చెట్ల సంగతి మరిచిపోండి. ఆ మాట తగలగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. అక్కడి జింక ఎవరిది? చుట్టూ కంచె ఉందా? ఆ జింకను కొట్టినవాణ్ణి ఎవరు విచారిస్తారు? జవాబులు పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకోండి. ఫారెస్ట్, చేజ్, పార్క్, వారన్ అనే నాలుగు మాటలు ఒకదానికొకటి అంటుకుపోకుండా ఉండటానికి ఈ మూడు ప్రశ్నలు చాలు.

ఫారెస్ట్ అప్పట్లో చట్టానికి సంబంధించిన మాట. లాటిన్‌లో ‘బయట’ అని అర్థమున్న ఫోరిస్ అనే మాటతో దీన్ని ముడిపెడతారు. ఫలానా ప్రాంతం తన వేట కోసమని రాజు ప్రకటిస్తే ఆ ప్రాంతం ఫారెస్ట్ అయిపోయేది. అందులో ఊళ్లు ఉండొచ్చు, గోధుమ చేలు ఉండొచ్చు, డార్ట్‌మూర్‌లా బోడి గుట్టలు ఉండొచ్చు. ఒక దశలో ఎసెక్స్ కౌంటీ దాదాపు మొత్తం ఫారెస్టే. కంచె ఉండదు. జింక, అడవిపంది రాజువి. అవి నీ చేలో పడి మేసినా నువ్వు బాణం వేయకూడదు. మన పిల్లలకు ఇది చెప్పడానికి నేను కొండవీడు ఘాట్ రోడ్డును గుర్తు చేస్తాను. రాళ్లు, తుప్పలు తప్ప పెద్ద చెట్టు లేని చోట కూడా ‘రిజర్వు ఫారెస్ట్’ అనే అంటాం కదా. ఆ మాటలో ఫారెస్ట్ అంటే సర్కారు హద్దు అనే అర్థమే బతికి ఉంది. అది అర్థమయ్యాక డార్ట్‌మూర్ చిక్కు విడిపోతుంది.

ఆ చట్టం ఎంత లోతుకు వెళ్లేదో ఒక్క కుక్క కాలు చూస్తే తెలుస్తుంది. ఫారెస్ట్ హద్దులో ఉండేవాడు ఇంటి కాపలాకు పెద్ద కుక్కను పెంచుకుంటే, అది జింకను తరమకుండా దాని ముందుకాలి గోళ్లు మూడు తెగ్గొట్టేవాళ్లు. 1217లో రాజు పేరిట వచ్చిన ఫారెస్ట్ చార్టర్ అనే హక్కుల పత్రం కూడా ఈ పద్ధతిని తీసేయలేదు. మూడేళ్లకోసారి తనిఖీ చేయాలని, గోళ్లు కోయని కుక్క దొరికితే యజమాని మూడు షిల్లింగులు కట్టాలని, గోళ్లు మాత్రమే కోయాలి గానీ పాదం మెత్త జోలికి పోకూడదని రాసింది. జింకను చంపినందుకు ఇకమీదట ఎవరి ప్రాణం గానీ, అవయవం గానీ తీయకూడదని చెప్పింది కూడా ఆ చార్టరే. అంతకుముందు ఏం జరిగేదో ఆ ఒక్క వాక్యాన్ని బట్టి ఊహించుకోవచ్చు. 1215లో రాజుకూ ప్రభువులకూ మధ్య కుదిరిన మాగ్నా కార్టా ఒప్పందం పేరులో ‘మాగ్నా’, అంటే పెద్ద, అనే మాట చేరింది ఈ చిన్న చార్టర్ నుంచి వేరుగా గుర్తుపట్టడానికే. పరీక్షలో ఈ సంగతి రాసినవాళ్లు చాలా తక్కువ, రాయండి.

చేజ్ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఫారెస్ట్ లాంటి వేట నేల ఒక ప్రభువు చేతిలో ఉంటే మామూలుగా చేజ్ అనేవాళ్లు. దానికీ కంచె లేదు. స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ చేజ్‌లో జింకలు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇప్పుడు పార్క్. నా మనసంతా దీని మీదే. దీనికి తెలుగులో సరైన మాట మన ఊళ్లలోనే ఉంది: దొడ్డి. పక్క చేలో పడ్డ గొడ్డును తోలుకెళ్లి కట్టేసే బందెలదొడ్డి చూశారా? చుట్టూ మూసిన నేల, లోపల పశువు, తాళం ఒకరి చేతిలో. పార్క్ అంటే ఇంతే, కాకపోతే లోపల ఉండేది జింక. పాత ఇంగ్లీషులో ‘పెయరోక్’ అంటే కంచె వేసిన జాగా. గుర్రాలను వదిలే ‘పాడక్’ అనే మాట దాన్నుంచే వచ్చింది. ఫ్రెంచి దారిలో వచ్చిన ‘పార్క్’ దానికి దగ్గర చుట్టం. 1086లో విలియం రాజు రాయించిన డూమ్స్‌డే అనే భూముల లెక్కల్లో కొద్దిపాటి పార్కులే ఉన్నాయి. 1300 నాటికి ఇంగ్లండ్‌లో మూడు వేలకు పైగా ఉండేవని చరిత్రకారుల అంచనా. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు తెచ్చి పెంచిన ఫాలో డీర్ అనే చుక్కల జింక ఇలాంటి దొడ్డిలో బాగా ఇముడుతుంది. పార్కులు పెరగడానికి అదొక కారణం.

కంచె ఎలా ఉండేదో బొమ్మ గీసి చూపించండి, మాటలతో చెబితే అర్థం కాదు. ముందు కందకం తవ్వి, ఆ మట్టిని బయటివైపు గట్టుగా పోసి, గట్టు మీద చీల్చిన ఓక్ కర్రలతో దడి కట్టేవాళ్లు. దడిని ‘పేల్’ అంటారు. కొండపల్లిలోనో కొండవీడులోనో కోట చూసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా తట్టాలి. కోటకు కందకం బయట ఉంటుంది, శత్రువు లోపలికి రాకూడదు కాబట్టి. పార్కుకు కందకం లోపల ఉంటుంది, జింక బయటికి దూకకూడదు కాబట్టి. ఇంగ్లండ్ పొలాల్లో పాత గట్టు కనిపించినప్పుడు అది కోటదా పార్కుదా అని తేల్చడానికి ముందు చూసేవాటిలో ఇదొకటి.

కొన్ని పార్కుల దడిలో ఒకచోట ‘డీర్ లీప్’ ఉండేది. బయటి నుంచి చూస్తే మెల్లగా ఎక్కే మట్టి వాలు, లోపలికి దూకాక ఎత్తయిన గోడలాంటి గట్టు. అడవి జింక సులువుగా లోపలికి దూకుతుంది, తిరిగి పైకి ఎగరలేదు. కొల్లేరు వైపు వాళ్లకు చేపల మావు అంటే చాలు, వెంటనే తెలిసిపోతుంది. ఇలా రాజుగారి జింకలన్నీ ప్రభువుల దొడ్లలో పడిపోతాయి కనుక రాజు ఫారెస్ట్ దగ్గర డీర్ లీప్ పెట్టుకోవాలంటే రాజు అనుమతి కావాలి.

క్లాసులో నేను తప్పకుండా చేయించే పని ఒకటుంది. 40 సెంటీమీటర్ల దారం తీసుకుని రెండు కొసలు ముడివేయండి. టేబుల్ మీద దాన్ని చదరంగా పరచండి. ఒక్కో పక్క 10 సెంటీమీటర్లు, లోపలి జాగా 100 చదరపు సెంటీమీటర్లు. అదే దారాన్ని గుండ్రంగా చేయండి, జాగా 127 దాటుతుంది. దారం అంతే, జాగా పెరిగింది. ఓక్ దడి కట్టడం, ఏటా బాగుచేయించడం బాగా ఖర్చు. అందుకే పాత పార్కులు చాలావరకు మూలలు అరగదీసినట్టు గుండ్రంగా, కోడిగుడ్డులా ఉంటాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే గుంటూరులో కూర్చునే ఇంగ్లండ్ మ్యాపులో పార్కు పట్టుకోవచ్చు.

ఎలాగంటే, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఇంగ్లండ్‌కు సంబంధించిన పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు ఉచితంగా చూడొచ్చు. మైలుకు ఆరు అంగుళాల స్కేలు ఉన్నది ఎంచుకోండి. ఫోన్‌లో కళ్లు లాగుతాయి, కంప్యూటర్ మీదే చూడండి. ఒక పల్లె దగ్గర ఆగి ముందు పేర్లు చదవండి: పార్క్ ఫార్మ్, ఓల్డ్ పార్క్, లాడ్జ్ ఫార్మ్, పేల్, హాచ్. హాచ్ అంటే గేటు. తర్వాత పొలం గట్ల గీతలు చూడండి. చుట్టుపక్కల పొలాలన్నీ ముక్కలు ముక్కలుగా ఉండగా ఒక్క గీత మాత్రం తెగకుండా పెద్ద వంపు తిరుగుతూ పోతుంటే దాన్ని వేలితో వెంబడించండి. నేరుగా వస్తున్న రోడ్డు కారణం లేకుండా పక్కకు వంగి చుట్టూ తిరిగి పోతుంటే అక్కడ ఒకప్పుడు దడి అడ్డం ఉండి ఉండవచ్చు. అదృష్టం బాగుంటే ఆ గీత పక్కన ముద్దగా ఉండే పాతకాలపు అక్షరాల్లో ‘పార్క్ పేల్’ అని అచ్చయి ఉంటుంది. ఆ అక్షరాలు పురాతన కట్టడాలకు వాడేవి.

ఒక జాగ్రత్త. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు అరండల్‌పేటలో ఉండేదాన్ని కాబట్టి ఆ పేరే కొట్టాను. ససెక్స్‌లోని అరండల్ ఊరు వచ్చింది, పక్కనే పెద్ద పార్కు. పట్టేశానని సంబరపడి మర్నాడు క్లాసులో మధ్యయుగాల పార్కు అని చూపించేశాను. తీరా చదివితే ఆ పార్కు ఇప్పుడున్న రూపానికి వచ్చింది 18వ శతాబ్దం చివర్లో. మళ్లీ క్లాసుకెళ్లి దిద్దుకున్నాను. పెద్దింటివాళ్లు తర్వాతి కాలంలో అందం కోసం వేసుకున్న పార్కులు ఇంగ్లండ్ నిండా ఉన్నాయి. అందువల్ల రూపం, పేరు, పాత రికార్డులో తేదీ, ఈ మూడూ కలిస్తేనే నమ్మండి. లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్ పార్క్ 1241 నాటికే రికార్డుల్లో ఉంది, ఇప్పటికీ అందులో జింకలున్నాయి. మొదటి సాధనకు అది మంచిది. లీడ్స్‌లోని రౌండ్‌హే పేరులోనే జవాబుంది: ‘హే’ అంటే కంచె వేసిన జాగా, అంటే గుండ్రటి దొడ్డి. పాత వేట పార్కే, 1872లో ప్రజలకు తెరిచారు. మీ పిల్లలెవరైనా లీడ్స్‌లో చదువుతుంటే ఆదివారం అక్కడ నడిచే ఉంటారు.

వారన్ అంటే రెండు అర్థాలు, సందర్భం చూసి ఎంచుకోండి. రాజు పత్రం ఇస్తే ఒక ప్రభువు తన నేల మీద చెవులపిల్లి (హేర్), నక్క, కౌజు లాంటి చిన్న జంతువులను, పిట్టలను వేటాడుకోవచ్చు, ఆ హక్కు వారన్. కుందేళ్లను (రాబిట్) పెంచే చోటు కూడా వారనే. నార్మన్ల కాలంలో వచ్చిన కుందేలుకు ఇంగ్లండ్ చలి, తడి నేల మొదట్లో పడలేదు. అందుకే దిండు ఆకారంలో మట్టి దిబ్బలు పోసి, వాటిలో బొరియలు ఏర్పాటు చేసి సాకేవాళ్లు. ఆ పని చూసేవాడు వారెనర్. వార్నర్ అనే ఇంటిపేరుకు ఒక మూలం ఇదే. ఒకప్పుడు మన సన్‌రైజర్స్‌కు ఆడిన డేవిడ్ వార్నర్ పేరు చెబితే వెనక బెంచీ వాళ్లు కూడా ఈ మాట మర్చిపోరు. పార్కు కాపలాదారు పార్కర్, జేబులో పెన్ను మీద ఉన్న పేరు. ఫారెస్టర్ కాస్తా ఫోస్టర్ అయ్యాడు.

ఇవి తెలిశాక చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’ ప్రొలోగ్‌లో వచ్చే యోమన్‌ను, అంటే నైట్ వెంట వచ్చే సేవకుణ్ణి, మళ్లీ చదవండి. ఆకుపచ్చ కోటు, విల్లు, నెమలి ఈకల బాణాలు. ఇతను ఫారెస్టర్ అనుకుంటా అంటాడు చాసర్. అడవిలో తిరిగే మనిషి అని తెలుగులో రాస్తే సగం పోయినట్టే. జింకల కాపలా కోసం జనాన్ని పట్టుకునే అధికారం ఉన్న మనిషి అతను. చాసర్‌కు ఇది దగ్గరగా తెలిసిన సంగతే. 1390ల్లో సోమర్‌సెట్‌లోని నార్త్ పెథర్టన్‌లో ఆయన స్వయంగా డిప్యూటీ ఫారెస్టర్. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1390లో, ఏడాదికి 40 షిల్లింగుల భూమి రాబడి లేని మామూలు మనిషి వేటకుక్కను ఉంచుకోకూడదని చట్టం వచ్చింది. వేటను ప్రాణంగా ప్రేమించే సన్యాసి కూడా ఆ ప్రొలోగ్‌లోనే ఉన్నాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవండి.

తిండి మాటలు వస్తే తొందరపడకండి. వెనిసన్ అంటే ముందు వేట మాంసం ఏదైనా, వేటాడటం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. తర్వాత జింక మాంసానికి స్థిరపడింది. దాన్ని మామూలుగా బజార్లో అమ్మేవాళ్లు కాదు, కానుకగా పంపేవాళ్లు, మన దగ్గర వేసవిలో మామిడిపండ్ల బుట్ట పంపి చుట్టరికం నిలుపుకున్నట్టు. జింక బోటిని, కార్జాన్ని ‘అంబుల్స్’ అనేవాళ్లు. ‘హంబుల్ పై’ అనే మాట వెనక ఉన్నది ఆ బోటి కూరే. వినయం అనే అర్థమున్న హంబుల్ శబ్దం వల్ల దానికి తర్వాత అతుక్కుంది.

అనువాదానికి నేను వాడే మాటలు ఇస్తున్నాను. ఫారెస్ట్‌కు రాజవేట నేల, చేజ్‌కు దొరవేట నేల, పార్క్‌కు జింకలదొడ్డి, వారన్‌కు సందర్భాన్ని బట్టి చిన్నవేట హక్కు లేదా కుందేళ్ల దిబ్బలు. మొదటిసారి వచ్చినప్పుడు పక్కన ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో ఇచ్చి, తర్వాత తెలుగు మాటనే కొనసాగించండి. ‘లాండ్’ అని వస్తే పార్కులో చెట్ల మధ్య వదిలిన గడ్డి బయలు. మన అపార్టుమెంట్ల ముందు లాన్ అదే మాట. ‘లాడ్జ్’ వస్తే బస్టాండు ఎదుటి లాడ్జి గుర్తుకు రానివ్వకండి, అది పార్కర్ కాపురముండే ఇల్లు. మామూలుగా పార్కు లోపల, ఎత్తు మీద, చుట్టూ దడి కనిపించేలా కట్టేవాళ్లు. మ్యాపులో గుండ్రటి గీత దొరికాక దాని లోపల లాడ్జ్ అనే పేరు కోసం చూడండి. కనిపిస్తే ఆ పెన్సిల్‌తో చుట్టూ ఒక సున్నా చుట్టి, రికార్డులో తేదీ వెతకడం మొదలుపెట్టండి.