కాలనీ ఉమ్మడి తోటకు గుర్తింపు తెచ్చుకునే విధానం

విశాఖపట్నంలో ఖాళీ స్థలాన్ని ఉమ్మడిగా సాగుచేయదలచిన కాలనీవాసులు మొదట ఆ స్థలం ఎవరిదో తెలుసుకుని, యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. నోటిమాట మీద వేసిన పందిరి ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేము.

తోటను ఏ దృష్టితో చూడాలన్నదానికి బ్రిటన్‌లోని తోటపని సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పాటించే మూడు కొలమానాలు మంచి నమూనా: ఇరుగుపొరుగు భాగస్వామ్యం, పర్యావరణ బాధ్యత, తోటపని నాణ్యత. వీటిలో మొదటిదే కష్టమైనదని నా అభిప్రాయం. నలుగురే చాకిరీ చేస్తూ, తక్కినవారు గోంగూర కోతకు మాత్రమే వచ్చే తోట ఎంత పచ్చగా ఉన్నా ఉమ్మడి తోట కాదు. అందువల్ల గేటు దగ్గర ఒక నోట్‌బుక్ వేలాడదీసి, ఎవరు ఏ రోజు నీరు పెట్టారో, ఎన్ని బుట్టల వంటింటి చెత్త ఎరువు గుంతలో పడిందో, ఏ మడిలోని తోటకూర పక్కనున్న అంగన్‌వాడీకి వెళ్లిందో అక్కడికక్కడే రాయించాలి. మట్టి వేలిముద్రలు పడిన ఆ పుస్తకాన్నే, గుర్తింపు కోసం తోటను చూడవచ్చే పరిశీలకులకు ముందుగా చూపాలి.

ఫొటోలు ప్రతి నెలా ఒకే చోట నిలబడి తీయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన నగరం మనది కనుక, ఆనప, బీర పందిళ్లను తుపాను కాలానికి ముందే గట్టి గుంజలకు బిగించాలి. గుర్తింపు కోసం పెట్టే దరఖాస్తులో తెగులుకు పోయిన మడి సంగతి కూడా దాచకుండా రాయాలి.