స్ట్రెయిట్ రేజర్ స్ట్రాప్‌కు పేస్ట్ ఎలా ఎంచుకోవాలి? ఎలా పూయాలి?

స్ట్రెయిట్ రేజర్ అంటే బ్లేడు మార్చకుండా నూరుకుంటూ వాడే గడ్డం కత్తి, స్ట్రాప్ అంటే దాని అంచును సర్దే పట్టీ. ఉత్త తోలు స్ట్రాప్ మీద ఆ కత్తిని లాగితే అంచు సర్దుకుంటుంది, లోహం పెద్దగా పోదు. పేస్ట్ పూసిన స్ట్రాప్ అలా కాదు, అది లోహాన్ని నిజంగానే అరగదీస్తుంది. అంటే పేస్ట్ పూసిన మరుక్షణం మీ తోలు పట్టీ చాలా మెత్తని సానరాయి అయిపోయినట్టే. అందుకే మొదటి జాగ్రత్త ఇది: రోజూ వాడే తోలు పట్టీకి పేస్ట్ పూయకండి. ఒకసారి పూస్తే అది పూర్తిగా వదలదు. పేస్ట్ కోసం వేరే స్ట్రాప్ పెట్టుకోండి.

సెలూన్లలో ఇప్పుడు ఎక్కువగా సగం బ్లేడు పెట్టే కత్తులే కనిపిస్తున్నాయి, వాటికి ఈ పనే లేదు. ఈ వివరాలు జర్మనీలోని సోలింగెన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊళ్లలో తయారైన పాత కత్తులు గానీ, కొత్త స్ట్రెయిట్ రేజర్లు గానీ కొనుక్కుని ఇంట్లో గడ్డం గీసుకునేవాళ్ల కోసం.

1. రంగు కాదు, మైక్రాన్ చూడండి

ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు అంటూ పేస్టులు చాలా రంగుల్లో వస్తాయి. రంగుల విషయంలో కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించవు. ఒకరి ఎరుపు ముతకగా ఉంటే ఇంకొకరి ఎరుపు చాలా మెత్తగా ఉంటుంది. పైగా కొన్ని డబ్బాల్లో ఉండేది తోలును మెత్తబరిచే మైనం మాత్రమే, అందులో రాపిడి గుణమే ఉండదు. రాపిడి కణం సైజు ఎన్ని మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రాసి ఉందో లేదో చూడండి. రాయని పేస్ట్‌ను మీ కత్తి కోసం వాడకపోవడమే మంచిది.

షేవింగ్ కత్తికి పనికొచ్చేవి ముఖ్యంగా మూడు. క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చగా, సుమారు 0.5 మైక్రాన్ ఉంటుంది. ఐరన్ ఆక్సైడ్ ఎర్రగా ఉంటుంది. రేజర్ల కోసం అమ్మేది దాదాపు 0.1 మైక్రాన్. మూడోది డైమండ్. ఇది 1, 0.5, 0.25, 0.1 మైక్రాన్లలో పేస్ట్‌గానో స్ప్రేగానో దొరుకుతుంది. డైమండ్ వేగంగా కోస్తుంది. అయితే ఆ అంచు చర్మానికి కాస్త కరుకుగా తగులుతోందని చాలామంది అంటారు. కొత్తవాళ్లకు నా సలహా స్వచ్ఛమైన క్రోమియం ఆక్సైడ్ ఒక్కటే. మిగతావాటి గురించి తర్వాత ఆలోచించవచ్చు.

హార్డ్‌వేర్ షాపుల్లో స్టీలు పాలిష్ కోసం అమ్మే ఆకుపచ్చ సబ్బు లాంటి బిళ్లలు చూడటానికి ఇలాగే ఉంటాయి. వాటిలో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ కూడా కలుపుతారు, కణాలు కూడా పెద్దవి. వంటింటి కత్తికి ఫర్వాలేదు, గడ్డం కత్తికి వద్దు.

2. దేని మీద పూయాలి?

వేలాడే పట్టీ మీద పేస్ట్ పూస్తే లాగేటప్పుడు పట్టీ కుంగుతుంది, అంచు కొద్దికొద్దిగా గుండ్రబడుతుంది. గట్టి అడుగు ఉన్నదే మంచిది. చెక్కకు అతికించిన తోలు గానీ, బాల్సా అనే తేలికైన మెత్తని చెక్క గానీ వాడండి. నాకు బాల్సా ఇష్టం. చవకైనది, పాడైతే పైపొర తీసేసి మళ్లీ పూసుకోవచ్చు. మోడల్ విమానాల సామాను అమ్మే షాపుల్లో 3 అంగుళాల వెడల్పు ముక్కలు దొరుకుతాయి. ముక్కను మందపాటి గాజుకో చదునైన టైలుకో అతికించండి. ఇంకో గాజు పలక మీద 320 గ్రిట్ ఎమరీ పేపర్ పరిచి, బాల్సా పైభాగమంతా సమంగా అయ్యేదాకా రుద్దండి. దుమ్మంతా బ్రష్‌తో దులపండి. ఈ పని తొందరగా ముగించకండి. చెక్క ఎత్తుపల్లాలుగా ఉంటే ఎంత మంచి పేస్టైనా వృథా.

3. పూయడం

గడ్డకట్టిన క్రేయాన్ లాంటి పేస్టైతే పలచగా అడ్డదిడ్డంగా గీతలు గీసి, హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేసి, వేలితో గట్టిగా రుద్దండి. పూత కింద తోలు గానీ చెక్క గానీ కనిపిస్తూనే ఉండాలి. పొరలా పేరుకుంటే పాత ఏటీఎం కార్డు అంచుతో గీకేయండి. మందంగా పూస్తే ఎక్కువ పదును రాదు, పేస్ట్ ముద్దలు అంచును దెబ్బతీస్తాయి.

పొడి అయితే ముందు రెండు మూడు చుక్కల మినరల్ ఆయిల్ రుద్ది, అదనంగా ఉన్నది తుడిచేసి, ఆపైన చిటికెడు పొడిని దూదితో అద్దండి. కొబ్బరినూనె, వంటనూనె వాడితే కొన్నాళ్లకు జిగటవుతాయి. పొడి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి. ఈ ఆకుపచ్చ మరక బట్టల మీద పడితే వదలదు.

డైమండ్ పేస్ట్ సిరంజిలో వస్తుంది. రెండేసి అంగుళాలకు బియ్యపు గింజలో సగమంత చుక్క పెట్టి రుద్దితే సరిపోతుంది. ఒక్కో మైక్రాన్‌కు ఒక్కో ముక్క కేటాయించి, వెనక పెన్నుతో రాసుకోండి. ఒకే రోజు అన్నీ పూస్తుంటే మెత్తనిదాంతో మొదలుపెట్టండి. లేకపోతే ముతక కణం ఒక్కటి వేలికి అంటుకుని వచ్చినా మెత్తని పట్టీ పాడైపోతుంది.

4. లాగడం

కత్తి వెన్ను, అంచు రెండూ చదునుగా పట్టీకి ఆనాలి. వెన్ను ముందు, అంచు వెనక నడవాలి. చివరికి వచ్చాక వెన్ను మీదే తిప్పి వెనక్కి లాగండి. కత్తి బరువు తప్ప మీ చేతి బలం పడకూడదు. పోనూ రానూ కలిపి ఒక చుట్టు అనుకుంటే 10 చుట్లు చాలు. తర్వాత కత్తిని మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచి, పేస్ట్ లేని తోలు మీద 40, 50 చుట్లు లాగండి. తుడవడం మరిచిపోతే ఆ ఆకుపచ్చ రోజువారీ పట్టీకి చేరుతుంది.

ఇది రోజూ చేసే పని కాదు. గడ్డం గీస్తుంటే వెంట్రుకలు లాగుతున్నట్టు అనిపించినప్పుడే చేయండి. ముందుగా ఉత్త తోలు మీద ఇంకో 30 చుట్లు లాగి చూడండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. పేస్ట్ మీద లాగాక కూడా రెండు మూడు షేవింగుల్లోనే పదును పోతోందంటే అంచు గుండ్రబడిందన్నమాట. అప్పుడు ఇంకో పేస్ట్ కొనడం వల్ల లాభం లేదు, కత్తిని మళ్లీ సానరాయి మీద నూరించాలి. పూసిన పట్టీని మాత్రం దుమ్ము పడకుండా కవరులో చుట్టి పెట్టుకోండి.