యేసు కథ పాత పురాణాల కాపీయేనా? ఈ వాదనకు దిగేముందు చూసుకోవాల్సినవి

డిసెంబర్ దగ్గర పడగానే వాట్సాప్‌లో ఒక లిస్టు తిరగడం మొదలవుతుంది. ఈజిప్టు దేవుడు హోరస్, పారశీకులూ రోమన్లూ కొలిచిన మిత్ర, ఆసియా మైనర్ దేవుడు అట్టిస్, గ్రీకు దేవుడు డయోనిసస్, మన కృష్ణుడు, వీళ్లంతా డిసెంబర్ 25న కన్యకు పుట్టారట, అందరికీ పన్నెండుమంది శిష్యులట, అందరినీ సిలువ వేస్తే మూడో రోజున లేచారట, కాబట్టి యేసు కథ మొత్తం కాపీ అట. దాని కింద ఒకాయన "ఇదంతా సాతాను ప్రచారం" అని రాస్తాడు, ఇంకొకాయన నవ్వే బొమ్మ పెడతాడు, ఆ తర్వాత తిట్లే. హోరస్ కథ మాత్రం ఇద్దరూ చదివి ఉండరు. మతాలు ఒకదాన్నుంచి ఒకటి ఏం తీసుకున్నాయన్నది నిజంగా గొప్ప ప్రశ్న, దాన్ని ఇలా పాడుచేసుకుంటుంటే బాధగా ఉంటుంది. మీరు ఏ పక్షాన ఉన్నా సరే, వాదనకు దిగేముందు కొంచెం ఇంటిపని చెయ్యండి.

మొట్టమొదట "క్రైస్తవం కాపీ" అనే మాటను పక్కన పెట్టి, ఏ ముక్క గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి. పండగ తేదీయా, బొమ్మా, ఆచారమా, కథా, సిద్ధాంతమా? పండగ తేదీ అన్యమతం నుంచి వచ్చిందని రుజువైనా పునరుత్థానం నమ్మకం అక్కడినుంచే వచ్చిందని కాదు. అలాగే హోరస్ పోలిక అబద్ధమని తేలిపోతే జలప్రళయం కథ పోలిక కూడా అబద్ధమైపోదు. ఇవన్నీ కలిపి ఒకే దెబ్బకు తేల్చేద్దామనుకునే మనిషితో వాదన పెట్టుకోవద్దు, ఒక్క ముక్క ఎంచుకుని దానిమీదే నిలబడమనండి.

తర్వాత ఆ లిస్టులో మీకు బాగా తెలిసిన పేరు పట్టుకుని పరీక్షించండి. మనకు ఆ వెసులుబాటు ఉంది, ఎందుకంటే అందులో కృష్ణుడు ఉన్నాడు. దేవకీ వసుదేవులకు ఎనిమిదో సంతానం, అంటే కన్యకు పుట్టిన బిడ్డ అన్న మాటకే తావు లేదు. పుట్టింది శ్రావణ బహుళ అష్టమినాడు, మనం కృష్ణాష్టమి చేసుకునేది ఏ నెలలోనో ఇంట్లో పిల్లల్ని అడిగినా చెబుతారు. అవతారం చాలించింది జరుడనే బోయవాడి బాణం కాలికి తగిలి, భాగవతం పదకొండో స్కంధంలో ఉంది, సిలువ ఊసే లేదు. మనకు తెలిసిన ఒక్క పేరు విషయంలోనే ఇన్ని తప్పులుంటే, తెలియని పేర్ల విషయంలో ఆ లిస్టును ఎలా నమ్ముతాం? అసలు ఇలాంటి జాబితాలకు పాత వంశమే ఉంది. 1875లో అమెరికాలో కెర్సీ గ్రేవ్స్ అనే ఆయన సిలువెక్కిన పదహారుమంది రక్షకులంటూ పుస్తకం వేశాడు, 2007లో వచ్చిన జైట్‌గైస్ట్ అనే డాక్యుమెంటరీ ఆ తరహా పోలికలను ఇంటర్నెట్ అంతా చల్లింది. కాబట్టి ఎవరైనా పోలిక చెబితే వెంటనే అడగాల్సింది ఒక్కటే: ఇది ఈజిప్టువాళ్లు రాసుకున్నదాంట్లో ఉందా, 19వ శతాబ్దపు పుస్తకంలో ఉందా?

హోరస్ సంగతే చూడండి. ఒసిరిస్‌ను తమ్ముడు సెత్ చంపి ముక్కలు చేస్తాడు, భార్య ఐసిస్ ఆ ముక్కలన్నీ ఏరి కూర్చి, భర్త శరీరాన్ని లేపి, అతనివల్ల గర్భం ధరించి హోరస్‌ను కంటుంది. అద్భుతమైన జననమే, ఎవరూ కాదనరు, కానీ కన్య జననం కాదు. ఒసిరిస్ కూడా మళ్లీ ఈ లోకానికి తిరిగి రాడు, చనిపోయినవాళ్ల లోకానికి రాజవుతాడు. హోరస్‌ను సిలువ వేశారన్నది ఏ ఈజిప్టు గ్రంథంలోనూ లేదు. ఐతే ఐసిస్ ఒడిలో కూర్చుని పాలు తాగే హోరస్ బొమ్మలు క్రీస్తుకు ముందునుంచీ ఉన్నాయి, బిడ్డకు పాలిచ్చే మరియ చిత్రాలకు వాటి ప్రభావం ఉండొచ్చంటే నాకు అభ్యంతరం లేదు. ఆ ప్రభావం బొమ్మమీద, కథమీద కాదు.

ఇక తేదీలు. రెండు విషయాలు ఒకేలా ఉంటే ఏది ముందో చూడాలి, అదీ ఆ ప్రత్యేకమైన వివరం ఎప్పటిదో చూడాలి, దేవుడి పేరు ఎప్పటిదో కాదు. మిత్ర దేవుడి దగ్గర అందరూ జారిపడేది ఇక్కడే. మిత్రుడు చాలా పాతవాడు, మన వేదాల్లో ఉన్నాడు, క్రీ.పూ. 14వ శతాబ్దంలో పశ్చిమాసియా రాజ్యాలైన హిట్టయిట్లకూ మిటాని రాజుకూ జరిగిన ఒప్పందంలో వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులతో పాటు సాక్షిగా ఉన్నాడు. కానీ లిస్టులవాళ్లు చెప్పే దీక్షలూ, విందులూ రోమన్ మిత్రాస్‌వి, ఆ మతం తాలూకు ఆధారాలు క్రీ.శ. మొదటి శతాబ్దం చివరినుంచే దొరుకుతాయి, అప్పటికి తొలి క్రైస్తవ బోధకుడు పౌలు పత్రికలు, అంటే బైబిల్లో ఉన్న ఉత్తరాలు, రాసి దశాబ్దాలయింది. అంటే వయసు ఒకరిది, వివరాలు ఇంకొకరివి. రోములో సాన్ క్లెమెంతే చర్చి కింద నేలమాళిగలో ఇప్పటికీ మిత్రాస్ గుడి ఉంది, గుహలాంటి గది, రెండు వైపులా కూర్చుని తినడానికి కట్టిన అరుగులు. ఈ గుళ్లలో మామూలుగా కనపడే శిల్పంలో మిత్రాస్ ఎద్దు వీపుమీద మోకాలు ఆనించి మెడలో కత్తి దించుతుంటాడు, కుక్కా పామూ ఆ నెత్తుటికోసం ఎగబాకుతుంటాయి, తేలు ఎద్దు వృషణాలను పట్టుకుని ఉంటుంది. పుట్టుక చూపించే శిల్పాల్లో ఆయన బండరాయిలోంచి ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో కాగడా పట్టుకుని లేస్తాడు. కన్య లేదు, పశువుల తొట్టె లేదు.

ఐనా పోలికే లేదని క్రైస్తవ మిత్రులు ధీమాగా చెప్పేముందు జస్టిన్ మార్టిర్‌ను చదవాలి. తొలినాళ్ల క్రైస్తవ రచయిత ఆయన, క్రీ.శ. 155 ప్రాంతంలో ఆయనే రాశాడు, మిత్రాస్ దీక్షలో కూడా రొట్టె, గిన్నెడు నీళ్లు పెట్టి ఏవో మాటలు చెబుతారు, ఇది దయ్యాలు మన క్రైస్తవుల రొట్టె, ద్రాక్షరసం సంస్కారాన్ని చూసి అనుకరించాయి అని. పోలిక ఉందని ఒప్పుకున్నది చర్చి పెద్దే. నా ఉద్దేశం, ఒకే కాలంలో ఒకే ఊళ్లలో పెరిగిన రెండు సమాజాలు, కలిసి భోంచెయ్యడం రోమన్ ప్రపంచంలో ప్రతి సంఘానికీ ఉన్న అలవాటు, ఎవరు ఎవర్ని చూసి రాశారో తేల్చే సాక్ష్యం మనదగ్గర లేదు.

మరి అరువు తెచ్చుకున్నారని ఎప్పుడు గట్టిగా అనొచ్చు? టీచర్ కాపీని పట్టుకునే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే ఏమీ కాదు, ఒకే వింత జవాబు అదే వరసలో రాస్తేనే అనుమానం. దేవుడు అద్భుతంగా పుట్టడం, రోగాలు నయం చెయ్యడం ప్రపంచమంతా ఉన్నవి. కానీ 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ నినెవే నుంచి తెచ్చిన మట్టి పలకలు చదువుతూ కనిపెట్టింది వేరే రకం. పాత మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వాళ్ల గిల్గమేష్ కావ్యం పదకొండో పలకలో దేవుడు ముందే హెచ్చరించడం, ఓడ కట్టడం, జంతువులను ఎక్కించడం, ఓడ కొండమీద ఆగడం, పక్షుల్ని వదిలి నీళ్లు తీశాయో లేదో చూడటం, దిగాక బలి ఇవ్వడం, దేవతలు ఆ వాసన పీల్చడం, అన్నీ బైబిల్ జలప్రళయం కథలో ఉన్న వరసలోనే ఉన్నాయి. అక్కడ పావురం, వాన కోవెల, కాకి, బైబిల్ ఆదికాండంలో నోవహు వదిలింది కాకిని, పావురాన్ని. అదే కథ చెప్పే అత్రహాసిస్ కావ్యం క్రీ.పూ. 17వ శతాబ్దపు పలకలమీదే ఉంది. ఇక్కడ సంబంధం లేదనడం మొండితనం. కాకపోతే అది పాత నిబంధన, క్రైస్తవులకు యూదులనుంచి వారసత్వంగా వచ్చింది.

దారి కూడా చూపించాలి. గలిలయలో జాలరులకూ ఈజిప్టు పూజారుల రహస్యాలకూ మధ్య ఎవరు నడిచారు? యేసు మొదటి అనుచరులు యూదులు, చనిపోయినవాళ్లు లేస్తారన్న నమ్మకం యూదుల్లో ఒక వర్గమైన పరిసయ్యులకు అప్పటికే ఉంది, క్రీ.పూ. 165 ప్రాంతంలో ఇప్పుడున్న రూపానికొచ్చిన పాత నిబంధనలోని దానియేలు గ్రంథం పన్నెండో అధ్యాయంలో స్పష్టంగా ఉంది. కాబట్టి పునరుత్థానం మూలం వెతికేవాళ్లు ముందు యూదుల ఇంట్లో వెతకాలి. అక్కడినుంచి ఇంకా వెనక్కి వెళ్లి పారశీకుల ప్రభావం అంటారా, అది ఆలోచించదగ్గ వాదన. క్రీ.పూ. 539లో పారశీక రాజు సైరస్ బాబిలోన్ పట్టుకున్నాక రెండు వందల ఏళ్లు యూదులు పారశీకుల పాలనలో ఉన్నారు, దారి ఉంది. చిక్కల్లా, చనిపోయినవాళ్లు లేస్తారని చెప్పే జొరాస్ట్రియన్ల (పాత పారశీక మతంవాళ్ల) గ్రంథం బుందహిష్న్ ఇప్పుడున్న రూపం క్రీ.శ. 9వ శతాబ్దపుది, క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత థియోపాంపస్ మాటగా మిగిలిన చిన్న ఉటంకింపే పాత సాక్ష్యం. సిలువమీద చచ్చిపోయిన మెస్సీయ (యూదులు ఎదురుచూసిన రక్షకుడు) గురించి మాత్రం పౌలే అంటాడు, అది యూదులకు అడ్డంకి, గ్రీకులకు వెర్రితనం అని. వినేవాళ్లకు అలవాటైన పాత కథ అయితే ఆ మాట అనాల్సిన అవసరమే రాదు.

డిసెంబర్ 25 మీద పందెం కాయకండి. సువార్తల్లో తేదీ లేదు. రోములో క్రీ.శ. 354 నాటి పంచాంగంలో క్రీస్తు జననం ఆ తేదీకి ఉంది, అదే పంచాంగంలో అజేయుడి జన్మదినమని కూడా ఉంది, అది సూర్యదేవుడిదని చాలామంది పండితుల అభిప్రాయం. 274లో ఆరేలియన్ చక్రవర్తి సూర్యుడికి గుడి కట్టించాడు, ఆ సూర్యుడి పండగనే చర్చి క్రీస్తు జన్మదినంగా మార్చుకుందని కొందరంటారు. మార్చి 25న గర్భధారణ అని లెక్కకట్టి తొమ్మిది నెలలు కలిపారని ఇంకొందరు. రెండింటికీ బలం ఉంది.

చివరగా, మీ కొలబద్ద మీ ఇంటిమీద కూడా పెట్టండి. 19వ శతాబ్దంలో ఆల్బ్రెక్ట్ వెబర్ లాంటి జర్మన్ పండితులు తిరగేసి, కృష్ణభక్తిలోనే క్రైస్తవ ప్రభావం ఉందని వాదించారు, బాలకృష్ణుడి కథలూ జన్మాష్టమి పోలికలూ చూపించి. దానికి జవాబు కోపంతో రాలేదు, మధ్యప్రదేశ్‌లో విదిశ పక్కన బేస్‌నగర్‌లో ఉన్న రాతి స్తంభం నుంచి వచ్చింది. దానిమీద మందంగా పట్టిన సింధూరం వల్ల 1877లో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్‌కు శాసనం కనపడలేదు, 1909లో ఆ పొర తీశాక బయటపడింది: తక్షశిల నుంచి వచ్చిన గ్రీకు రాయబారి హెలియోడోరస్, తనను భాగవతుడినని చెప్పుకుంటూ, దేవదేవుడైన వాసుదేవుడికి ఈ గరుడ స్తంభం నిలిపాడని. క్రీ.పూ. 2వ శతాబ్దం చివరిది. వాసుదేవుడి భక్తి క్రీస్తుకు ముందే ఉందని దాంతో తేలిపోయింది, బాలకృష్ణుడి కథల వయసు మాత్రం ఆ స్తంభం చెప్పదు, దానికి వేరే సాక్ష్యం తేవాలి.